దేశం దాటి చెక్ పంక్ షోకి వెళ్లడం: తేదీ చూసిన రోజు నుంచి తిరుగు రైలు దాకా

"అన్నా, ఒక్క బ్యాండ్ కోసం వస్తానంటే వీసా ఇస్తారా?" అని హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు. "డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, ప్రాగ్ బ్యాండ్ ఒకటి మా ఊరొస్తోంది, ఒక్కదాన్నే వెళ్లొచ్చా?" అని ఒక చెల్లెలు. ఈ రెండు ప్రశ్నలకీ విడివిడిగా చాలాసార్లు జవాబు చెప్పాను. ఇక ఒకేచోట రాసేస్తే మేలనిపించింది.

నాకు పంక్ రాక్ సంగీతం పిచ్చి విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు పట్టింది. జుట్టు నెరిసింది కానీ పిచ్చి తగ్గలేదు. నాకు ఇష్టమైన బ్యాండ్ ఉష్ స్మె దొమ. 1985లో ఇప్పటి చెక్ దేశంలో, ఉత్తర బొహీమియాలోని తెప్లిత్సెలో మొదలైంది, దేశం బయట కూడా విరివిగా వాయిస్తుంది. ఉదాహరణలన్నీ ఆ బ్యాండ్‌వే ఇస్తాను. మీది విసత్సీ జామెక్ కావచ్చు, త్ర్షి సెస్త్రి కావచ్చు, పద్ధతి ఒకటే. నేను చూసినంతలో షో పాడయ్యేది బ్యాండ్ వల్ల కాదు. తేదీ తప్పు చదవడం, కాగితాలు ఆలస్యం కావడం, చివరి రైలు... ఈ మూడే ముంచుతాయి.

1. తేదీ, సమయం: ముందు ఇది సరిగా చదవండి

చెక్ భాషలో నెలల పేర్లు ఇంగ్లిష్‌ని పోలి ఉండవు. చెర్వెన్ అంటే జూన్, చెర్వెనెత్స్ అంటే జూలై. నేను ఒకసారి పోస్టర్ చూసి ఉత్సాహంగా జూలైలో సెలవు పెట్టుకున్నాను. షో జూన్‌లోనే అయిపోయింది. ఇంట్లో ఇప్పటికీ ఆ సెలవు మాటెత్తి నవ్వుతారు.

క్రొయేషియాలో షో అయితే ఇంకో చిక్కు. చెక్‌లో లిస్తొపద్ నవంబరు, క్రొయేషియన్‌లో అదే మాట అక్టోబరు. చెక్ స్ర్‌పెన్ ఆగస్టు, క్రొయేషియన్ స్ర్‌పాన్య్ జూలై. బ్యాండ్ వాళ్ల జాబితా ఒక భాషలో, క్లబ్ వాళ్ల ప్రకటన ఇంకో భాషలో ఉంటాయి. అందుకని నెల పేరు నమ్మకండి, అంకె చూడండి. రోజు ముందు, నెల తర్వాత వస్తుంది.

గడియారం కూడా అంతే. మనకి ఎనిమిదిన్నర అంటే ఎనిమిది దాటి అరగంట. చెక్‌లో "పూల్ ఒస్మే", జర్మన్‌లో "హాల్బ్ అఖ్ట్" అంటే ఎనిమిదో గంటలో సగం అయిందని, అంటే ఏడున్నర. "చ్‌త్వ్ర్‌త్ న ఒసుమ్" అని విని మనవాళ్లు పావు తక్కువ ఎనిమిది అనుకుంటారు. కాదు, ఏడుంబావు. ఎవరైనా నోటితో సమయం చెబితే ఫోన్‌లో అంకెలు కొట్టి చూపించి ఖాయం చేసుకోండి.

పోస్టర్ మీద గుర్తుపట్టాల్సిన మాటలు:

- చెక్: ప్ర్షెద్‌ప్రొదెయ్ = ముందస్తు టికెట్; న మీస్త్యె = గుమ్మం దగ్గర ధర; విప్రొదానొ = అయిపోయాయి; ఒద్లొజెనొ = వాయిదా; జ్రుషెనొ = రద్దు
- జర్మన్: ఐన్‌లాస్ = తలుపులు తెరిచే సమయం; బెగిన్ = వాయించడం మొదలయ్యే సమయం; ఫోర్‌ఫెర్కౌఫ్ = ముందస్తు; ఆబెంట్‌కాస్సె = ఆ రాత్రి కౌంటర్; ఔస్‌ఫెర్కౌఫ్ట్ = అయిపోయాయి

తేదీని బ్యాండ్ పేజీలోనూ, క్లబ్ పేజీలోనూ, రెండుచోట్లా చూడండి. రెండూ కలవకపోతే క్లబ్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే డబ్బు ఖర్చు పెట్టండి.

2. కాగితాలు: ఏ దేశానికి అడగాలి, ఎప్పుడు అడగాలి

వీసా ఇస్తారా అన్న ప్రశ్నకు జవాబు: బ్యాండ్ కోసం వెళ్లడం కూడా పర్యటనే. దాచిపెట్టే పని లేదు. కవరింగ్ లెటర్‌లో ఫలానా తేదీన ఫలానా క్లబ్‌లో షో ఉంది, ఇదిగో టికెట్, ముందు రెండు రోజులు, తర్వాత నాలుగు రోజులు ఇక్కడ ఉంటాను, ఈ తేదీకి తిరిగి ఉద్యోగంలో చేరతాను అని సూటిగా రాయండి. అధికారి చూసేది మీ సంగీతాభిరుచి కాదు, మీరు తిరిగొస్తారా లేదా అన్నది. సెలవు మంజూరు పత్రం, జీతం వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ అక్కడ పనికొస్తాయి.

ఎక్కువమంది తడబడేది ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్న దగ్గరే. షో ఎక్కడన్నది కాదు, షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారన్నదే లెక్క. షో డ్రెస్డెన్‌లో, మీరు జర్మనీలో 3 రాత్రులు, ప్రాగ్‌లో 5 రాత్రులు ఉంటే చెక్ వీసా అడగాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశం. ఆ దేశానికి మీ నగరంలో దరఖాస్తు కేంద్రం ఉందో, వేరే ఊరు వెళ్లాలో ముందే చూసుకోండి.

గడువులు, అంకెలు:

- ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు.
- నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా. నా సలహా మూడు నెలల ముందు పెట్టేయమని.
- పెద్దవాళ్లకి ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీసు ఛార్జీ వేరే.
- ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు.
- పాస్‌పోర్టు గత 10 ఏళ్లలో ఇచ్చినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి. 2 ఖాళీ పేజీలు ఉండాలి.

జర్మనీలోనో చెక్‌లోనో చదువుతున్నవాళ్లకి వేరే వీసా అక్కర్లేదు. నివాస కార్డు, పాస్‌పోర్టు కలిపి చూపిస్తే మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. కానీ కార్డు ఒక్కటే జేబులో వేసుకుని బయల్దేరకండి. చెక్–జర్మనీ సరిహద్దులో రైలెక్కి పాస్‌పోర్టు అడగొచ్చు.

షో లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు. బ్రిటన్, ఐర్లాండ్ రెండూ షెంగెన్ బయటే. బ్లాక్‌పూల్ రెబెలియన్ పంక్ ఫెస్టివల్‌కి టికెట్ కొన్నాక ఈ సంగతి తెలుసుకున్నవాళ్లు నాకు తెలుసు.

3. టికెట్ ముందా, వీసా ముందా?

టికెట్ ముందు. 200 మంది పట్టే క్లబ్‌లో టికెట్ ధర మీ విమానం ఖర్చు ముందు లెక్కలోకి రాదు. వీసా రాకపోయినా పోయేది అంతే. విమానం టికెట్ మాత్రం వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగలిగే రకమే తీసుకోండి. హోటల్ కూడా అంతే.

చెక్‌లో టికెట్లు ఎక్కువగా గోఅవుట్, టికెట్‌పోర్టల్ లాంటి వెబ్‌సైట్లలో దొరుకుతాయి. జర్మనీ, ఆస్ట్రియాలోని చిన్న క్లబ్బుల్లో కొన్ని షోలకి ముందస్తు అమ్మకమే ఉండదు, ఆ రాత్రి గుమ్మం దగ్గర నగదు ఇవ్వడమే. అలాంటప్పుడు క్లబ్‌కి రాయండి: "ఇండియా నుంచి వస్తున్నాను, ఒక టికెట్ పేరు మీద పక్కన పెట్టగలరా?" గుమ్మం దగ్గర నా పేరు రాసిన కాగితం ముక్క రెండుసార్లు కనిపించింది. అడగడంలో పోయేదేం లేదు.

కార్డుతో కట్టేటప్పుడు "రూపాయల్లో చెల్లించాలా?" అని మెషీన్ అడుగుతుంది. వద్దనండి. అక్కడి కరెన్సీలోనే కట్టండి. రూపాయల్లో అంటే మారకం రేటు వాళ్లిష్టం.

4. ప్రయాణం: షో రోజున దిగకండి

షోకి కనీసం ఒక పూర్తి రోజు ముందు ఆ ఊళ్లో ఉండాలి. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో కొత్త రాకపోకల నమోదు మొదలైంది. స్టాంపు బదులు ఫోటో తీసి కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. లైన్ ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. అందుకని కనెక్టింగ్ విమానానికి గంటన్నర సరిపోతుందిలే అనుకోవద్దు.

బస ఎక్కడ తీసుకోవాలన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది: రాత్రి ఒంటిగంటకి క్లబ్ నుంచి నడిచి రాగలనా? పర్యాటక కేంద్రం దగ్గర చవగ్గా దొరికిందని తీసుకుంటే, మిగిలిన డబ్బు అర్ధరాత్రి టాక్సీకి పోతుంది. ఒక్కరే వెళ్లే అమ్మాయిలు పగలు ఒకసారి ఆ దారి నడిచి చూసుకుంటే రాత్రి టెన్షన్ సగం తగ్గుతుంది. అబ్బాయిలకీ అదే చెబుతాను, వినరు.

ప్రాగ్ నుంచి డ్రెస్డెన్ రైల్లో సుమారు రెండున్నర గంటలు. బ్ర్నొ నుంచి వియన్నా గంటన్నర. దగ్గరే కదా, షో అయ్యాక తిరిగి వచ్చేద్దాం అనిపిస్తుంది. వద్దు. చివరి రైలు షో మధ్యలోనే వెళ్లిపోతుంది. మూడు పాటలు మిగిలుండగా గడియారం చూసుకుంటూ బయటికి నడవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

5. పాటలు నోటికి రావాలి: ఇక్కడ మన చెవికి లాభం ఉంది

వీసా చేతికొచ్చాక షో దాకా ఉండే ఆరు వారాలు ఊరికే ఎదురుచూస్తే గడవవు. పల్లవులు నేర్చుకోండి. గుంపులో అందరూ అరుస్తుంటే పెదవులు ఊరికే కదిపే బాధ ఉండదు.

చెక్ అనగానే భయపడతారు కానీ, ఇంగ్లిష్ లిపిలో రాసుకుంటేనే కష్టం. తెలుగు లిపిలో రాసుకుంటే దారి తేలిక.

- అచ్చు మీద ఏటవాలు గీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. యు అక్షరం మీద చిన్న సున్నా ఉన్నా దీర్ఘమే. ఈ తేడా ఇంగ్లిష్ వాళ్లు నేర్చుకోవాలి, మనకి అ–ఆలతోనే వచ్చేసింది.
- ఊనిక ఎప్పుడూ మాట మొదటి అక్షరం మీదే. దీర్ఘం ఎక్కడున్నా సరే.
- ఒట్టి సి అక్షరం మన చాప, చలి మాటల్లో పెద్దవాళ్లు పలికే ౘ. అదే సి మీద చిన్న కొక్కెం ఉంటే చిలకలోని చ.
- ఎస్ మీద కొక్కెం ఉంటే ష. జెడ్ మీద కొక్కెం ఉంటే ట్రెజర్ అనే మాట మధ్యలో వినిపించే శబ్దం, మనకి అక్షరం లేదు.
- టి, డి లను ట, డ అనకండి. త, ద అనండి. ఇంగ్లిష్ అలవాటుతో మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే.
- మాట చివరి జ, ద, బ లు బిగుసుకుని స, త, ప లు అవుతాయి. ఉష్ స్మె దొమలో మొదటి మాట చివర రాతలో ఆ ట్రెజర్ శబ్దమే ఉన్నా పలుకులో ష్ అయింది అందుకే.

ఆర్ మీద కొక్కెం ఉన్న శబ్దం గురించి బెంగ వద్దు. ర, ఆ ట్రెజర్ శబ్దం ఒకేసారి పలకాలి. చెక్ పిల్లలకే అది చివరగా పట్టుబడుతుంది. గుంపులో ర్ష్ అని సరిపెట్టుకోండి, ఎవరికీ వినిపించదు.

అచ్చులు లేని మాటలకి నాలుక తిరగాలంటే వాళ్లకో సాధన వాక్యం ఉంది: "స్త్ర్‌చ్ ప్ర్‌స్త్ స్క్ర్‌స్ క్ర్‌క్." గొంతులోంచి వేలు దూర్చు అని అర్థం. రోజూ స్నానం చేస్తూ పదిసార్లు అనండి. ఇంట్లోవాళ్లు తలుపు కొడతారు, ఫర్వాలేదు.

వారానికి ఒక పాట చొప్పున పద్ధతి ఇది:

1. పల్లవి ఒక్కటే తీసుకోండి. చరణాలు వద్దు.
2. తెలుగులో రాసి, దీర్ఘాల కింద గీత గీయండి.
3. సగం వేగంలో పెట్టి రాసిన దాంతో సరిచూడండి.
4. అర్థం కనుక్కోండి. ఏమరుస్తున్నామో తెలియకుండా అరవకూడదు.
5. చప్పట్లతో తాళం పట్టండి.

ఉష్ స్మె దొమ లాంటి బ్యాండ్‌కి అయిదోది తప్పనిసరి. వాళ్ల పాటల్లో లయ ఉన్నట్టుండి మారుతుంది, మధ్యలో టక్కున ఆగిపోతుంది. ఆగే చోటు తెలియనివాడు ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా గెంతుతూ పక్కవాడి దవడకి మోచెయ్యి తగిలిస్తాడు. నేనూ తగిలించాను, నాకూ తగిలింది.

ముందు ఊళ్లలో ఏ పాటలు వాయించారో వెతికి చూడాలా? నేను చూడను. మొదటి తంత్రి మోగగానే ఏ పాటో పోల్చుకునే ఆ అర సెకను కోసమే కదా ఇంత దూరం వెళ్లేది.

నాలుగు మాటలు జేబులో ఉంచుకోండి: అహొయ్ (నమస్తే), పర్దొన్ (కాస్త జరగండి), కొలిక్ (ఎంత), యెష్త్యె యెద్ను (ఇంకొక్క పాట). ఒక జాగ్రత్త: చెక్‌లో "నొ" అంటే వద్దని కాదు, "ఆఁ" అని. వద్దంటే "నె". బీరు వద్దని "నొ, నొ" అన్న స్నేహితుడి ముందు రెండు గ్లాసులు వచ్చాయి.

6. ఒళ్లు, చెవులు, సంచీ

85 డెసిబెల్స్ శబ్దాన్ని 8 గంటలు భరించవచ్చని లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. చిన్న క్లబ్‌లో స్పీకర్ ముందు గంటన్నర నిలబడేవాళ్లకి ఇయర్‌ప్లగ్‌లు తప్పవు. నురుగు రకం అయితే వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపల పెట్టి అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. ఊరికే గుచ్చితే రాలిపోతుంది, "ఇవి పనిచేయవు" అంటారు.

నలభై దాటినవాళ్లు నెల ముందు నుంచి మెట్లెక్కండి. గెంతేది మనసు కాదు, మోకాళ్లు.

సంచీ సర్దేటప్పుడు మనవాళ్లకి మాత్రమే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కీచెయిన్, లాకెట్, సంచీ, ఫోన్ కవర్... వేటి మీదా స్వస్తిక్ లేకుండా చూసుకోండి. మనకి అది గుమ్మం మీది గుర్తు. జర్మనీలో నాజీ చిహ్నాల ప్రదర్శన నేరం, పంక్ క్లబ్బుల్లో దాని మీద కోపం మరీ ఎక్కువ. గుమ్మం దగ్గర మన సంప్రదాయం వివరించే వీలుండదు. బస చేసినచోటే వదిలేయండి.

బయల్దేరే ముందు:

- టికెట్ ఫోన్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి
- పాస్‌పోర్టు, నివాస కార్డు ఉంటే అది కూడా (క్లబ్ లోపలికి జిప్ ఉన్న జేబులో)
- చిన్న నోట్లు, నాణేలు. చెక్‌లో కొరునా, జర్మనీ, ఆస్ట్రియాల్లో యూరో
- ఇయర్‌ప్లగ్‌లు రెండు జతలు
- కళ్లద్దాలకి వెనక తాడు
- పాత బూట్లు, లేసులు రెండు ముళ్లు. చెప్పులు, శాండల్స్ వద్దు
- మార్చుకోవడానికి పొడి టీషర్టు

7. ఆ రాత్రి

సాయంత్రం అయిదింటికే కడుపునిండా తినండి. శాకాహారులకి జర్మనీలో ఫలాఫెల్, చెక్‌లో స్మజెనీ సీర్ అనే వేయించిన చీజ్ దొరుకుతాయి. పెరుగన్నం డబ్బా గుమ్మం దాటనివ్వరు, ప్రయత్నించాను.

తలుపులు తెరిచే సమయానికే వెళ్లండి. ముందు టీషర్టుల బల్ల దగ్గర కొనేసి, కోటుతో పాటు షత్నాలో పెట్టండి. షత్నా అంటే కోట్లు దాచే గది. షో అయ్యాక కొందామంటే మీ సైజు ఉండదు. జర్మన్ క్లబ్‌లో గ్లాసుకి అదనంగా తీసుకునేది ఫాండ్, గ్లాసు తిరిగిస్తే వెనక్కి ఇస్తారు. కొన్నిచోట్ల ఫోటోలు ఒప్పుకోరు. గోడ మీద రాసి ఉంటే గౌరవించండి.

నిలబడే చోటు ముందే తేల్చుకోండి. వేదిక ముందు మధ్యభాగం పోగో గెంతేవాళ్లది. మొదటిసారి వెళ్లేవాళ్లు పక్క గోడ వైపు, మూడో వరుసలో ఉంటే అన్నీ కనిపిస్తాయి, తప్పుకోవడానికి చోటూ ఉంటుంది. గుంపులోకి దిగితే:

- చేతులు ఛాతీ ముందు మడిచి ఉంచండి. మోచేతులు చాపకండి.
- ఎవరైనా పడితే గెంతడం ఆపి లేపండి. ఇది అన్నిచోట్లా ఉన్న నియమం.
- మీరు పడితే తలని చేతులతో కప్పుకోండి. రెండు సెకన్లలో ఎవరో లేపుతారు.
- ఊపిరి ఆడకపోతే ముందుకి కాదు, పక్కకి జరగండి.

బయలు వేదికైతే ఆలస్యంగా వెళ్లకండి. జర్మనీలో రాత్రి 10 తర్వాత నిశ్శబ్దం పాటించాలి కాబట్టి బ్యాండ్ తొందరగానే ఎక్కేస్తుంది.

8. షో రద్దయితే

వ్యాన్ చెడిపోతుంది, గాయకుడికి జ్వరం వస్తుంది. షో రోజు పొద్దున, మధ్యాహ్నం క్లబ్ పేజీ చూడండి. రద్దయిందని తెలిస్తే మొదట టికెట్ డబ్బు గురించి మెయిల్ పెట్టండి, తర్వాత బ్యాండ్ మిగతా తేదీలు చూడండి. నెలల పేర్లు కాదు, అంకెలు. పక్క ఊళ్లో రెండు రోజుల తర్వాత షో ఉంటే, మీ వీసా తేదీలు సరిపోతే, రైలెక్కండి. అందుకే తిరుగు విమానం షో తర్వాత కనీసం మూడు రోజులకి పెట్టుకోమనేది.

అదీ లేకపోతే ఆ ఊళ్లోనే ఆ రాత్రి ఏ క్లబ్‌లో ఎవరు వాయిస్తున్నారో అడగండి. ఇయర్‌ప్లగ్‌లు, పాత బూట్లు ఎలాగూ తెచ్చుకున్నారు.